మెదడు బొమ్మ వెనుక పేరు లేని పనివారు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక విజ్ఞానశాస్త్ర పుటలో మెదడు పరిశోధనల గురించి అప్పుడప్పుడు వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. ఇటువంటి విషయాలు తెలుగు దినపత్రికలో చోటు చేసుకోవడం సంతోషమే. అయితే దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఎరుపు, పసుపు మచ్చలతో ఒక మెదడు బొమ్మ, దాని పక్కన ఒక ప్రొఫెసరు పేరు, ‘స్కానింగులో తేలింది’ అనే ఒక వాక్యం ఉంటాయి తప్ప, ఆ బొమ్మ తయారు కావడానికి చేయి వేసిన మిగతావారి ఊసు ఉండదు. హైదరాబాదులో, బలమైన అయస్కాంతంతో శరీరం లోపలి చిత్రాలు తీసే ఎం.ఆర్.ఐ. స్కానర్‌ను నడిపే టెక్నాలజిస్టుగా చాలాకాలం పనిచేసి, పరిశోధనల కోసం జరిపే స్కానుల్లోనూ పాలుపంచుకొన్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. ఆ మనుషులను వదిలివేస్తే, ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకొనే ఆధారం కూడా పాఠకుడికి లేకుండా పోతుందన్నది నా వాదన.

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉన్న విస్కాన్సిన్ వైద్య కళాశాల సంగతి చూడండి. 1991 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సదస్సులో, మెదడు పనిచేస్తూండగా తీసిన చిత్రాలను బోస్టన్ బృందం ప్రదర్శించింది. అది చూసి వచ్చిన పీటర్ బాండెట్టిని, ఎరిక్ వాంగ్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు సెప్టెంబరు 14న తమ దగ్గరున్న స్కానర్‌లోనే, వేళ్లు కదిలించినప్పుడు మెదడులో వచ్చే మార్పును పట్టుకోగలిగారు. అప్పటి ఆసుపత్రి స్కానర్లు అంత వేగంగా చిత్రాలు తీయలేవు. సెకనులో కొద్ది భాగంలోనే ఒక్కో పొరను తీయాలంటే అయస్కాంత క్షేత్రాన్ని చకచకా మార్చగల ప్రత్యేకమైన కాయిల్ (తీగచుట్ట) కావాలి. తల చుట్టూ మాత్రమే అమరే అటువంటి చిన్న కాయిల్‌ను వాంగ్ స్వయంగా తయారుచేశాడు. వచ్చిన చిత్రాలను వరుసపెట్టి చూసుకోవడానికి కావలసిన ప్రోగ్రామును ఆంద్జెయ్ యెస్మానోవిచ్ రాశాడు. వీరికి నీడనిచ్చిన జేమ్స్ హైడ్ మెదడు శాస్త్రవేత్త కాడు, ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ల స్పందనను కొలిచే పద్ధతి) పరికరాలలో నిపుణుడు. మరికొన్నాళ్లకు, 1994 ప్రాంతంలో, గణితం నుంచి వచ్చిన రాబర్ట్ కాక్స్ అక్కడే ‘ఆఫ్ని’ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకొనేలా వదిలిపెట్టాడు. ఇన్ని రకాల చేతులు ఒక కప్పు కింద లేకపోయి ఉంటే, ఆ ఆలోచనలు కాగితం దాటేవి కావు.

ఇదే చోట మరో సంగతి జరిగింది. భరత్ బిస్వాల్ అనే భారతీయ విద్యార్థి, స్కానింగులో వచ్చే అనవసరపు రొదను (అసలు సంకేతంలో కలిసిపోయే అక్కరలేని మార్పులను) తొలగించే ప్రయత్నంలో, మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకొని ఉన్నప్పటి సంకేతాలను పరిశీలించాడు. చేతిని కదిలించే భాగం ఎడమవైపు ఎలా నెమ్మదిగా హెచ్చుతగ్గులు పొందుతున్నదో, కుడివైపు భాగం కూడా అదే తాళంలో హెచ్చుతగ్గులు పొందుతున్నట్లు కనుగొన్నాడు. 1995లో యెట్కిన్, హాటన్, హైడ్‌లతో కలిసి ఆయన దీనిని ప్రచురించినప్పుడు, అది ఊపిరి వల్లనో గుండె చప్పుడు వల్లనో వచ్చిన రొదేనని చాలామంది కొట్టిపారేశారు. ఇవాళ అదే ఒక పెద్ద పరిశోధనా రంగం. 2010లో బిస్వాల్, ఆయన సహచరులు 35 కేంద్రాలలో విడివిడిగా సేకరించిన 1,414 మంది స్కానులను ఒకచోట చేర్చి విశ్లేషించి, ఆ సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచారు. ఆ 1,414 మందిలో ప్రతి ఒక్కరినీ ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు బల్లమీద పడుకోబెట్టి, తల కదలకుండా చూసి ఉండాలి కదా!

ఈ పడుకోబెట్టడం చిన్న పని కాదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్కానర్‌లోని 3 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి సుమారు 60 వేల రెట్లు ఉంటుంది, పైగా అది రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. కరెంటు స్విచ్ ఆపితే ఆగిపోతుందని అనుకొనేవారు చదువుకొన్నవారిలో కూడా ఉన్నారు. మన దగ్గర పరిశోధనకు వచ్చే స్త్రీలు చీర కుచ్చిళ్లకు, పైటకు పెట్టుకొన్న పిన్నీసుల సంగతి మరచిపోతారు. మెట్టెలు, నల్లపూసలు తీయాలంటే సంకోచిస్తారు. జరీలో లోహపు పోగు ఉంటే వేడెక్కే ప్రమాదం ఉంటుంది కనుక పట్టుచీర మార్చుకొమ్మని నచ్చజెప్పవలసి వస్తుంది. ఒత్తయిన జడ గాని ముడి గాని ఉంటే తల కాయిల్‌లో సరిగా కూర్చోదు. ఇవన్నీ చూసుకొని, చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్గులే పెట్టి, తలకు రెండువైపులా స్పాంజి ముక్కలు దోపి, మమ్మల్ని పిలవడానికి నొక్కే రబ్బరు బల్బును చేతిలో పెట్టి, ‘ఏమైనా ఇబ్బంది అనిపిస్తే ఇది నొక్కమ్మా, వెంటనే వస్తాను’ అని చెప్పి బయటికి వస్తాం. ఆ తరువాత ముప్పావుగంట సేపు ఆమె కదలకుండా ఉండాలి. మెదడులో ఒక భాగం పనిచేసినప్పుడు అక్కడికి రక్తం ఎక్కువగా చేరడం వల్ల సంకేతంలో వచ్చే మార్పు నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే, అది పతాకస్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. తల ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగితే చాలు, దానివల్ల వచ్చే మార్పు అసలు మార్పును మింగేస్తుంది. కాబట్టి స్కానింగుకు వచ్చిన మనిషి నిబ్బరంగా ఉందా, భయపడుతున్నదా అనేది కూడా ఫలితంలో ఒక భాగమే.

ఒక్కొక్కప్పుడు ఆరోగ్యంగా ఉన్నానని చెప్పి స్వచ్ఛందంగా వచ్చిన మనిషి మెదడులో, ఎవరూ ఊహించని గడ్డ వంటిదేదో తెరమీద కనిపిస్తుంది. దాన్ని ముందుగా చూసేది టెక్నాలజిస్టే. అయినా రోగనిర్ధారణ చేసే అధికారం అతనికి లేదు. ముఖంలో ఏమీ కనబడనీయకుండా ఆమెను బల్లమీద నుంచి దించి, రేడియాలజిస్టుకు కబురు పెట్టాలి. అటువంటి సందర్భంలో ఎవరు చూస్తారు, ఎవరు చెబుతారు అనేది సమ్మతి పత్రంలో, వచ్చినవారికి అర్థమయ్యే తెలుగులో ముందే రాసి ఉండాలి. ఆసుపత్రి పక్కన లేని ప్రయోగశాలలకు ఇది మరీ ముఖ్యం.

ఇక ఆ ఎరుపు, పసుపు రంగుల విషయం. అవి స్కానర్ చూసిన రంగులు కావు. లక్షకు పైగా చిన్న చిన్న గడులలో గణాంక పరీక్ష జరిపి, ఒక హద్దు దాటిన వాటికి కంప్యూటర్ వేసిన రంగులు. 2016లో ఎక్లండ్, నికల్స్, క్నుట్సన్ ప్రచురించిన పరిశోధన, ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్లలోని కొన్ని పద్ధతులు లేని మార్పును ఉన్నట్లు చూపే అవకాశం అనుకొన్నదానికంటే చాలా ఎక్కువని తేల్చింది. పైన చెప్పిన ఆఫ్నిలో సుమారు 15 ఏళ్లుగా దాగి ఉన్న ఒక పొరపాటు కూడా ఆ పరిశీలనలోనే బయటపడి, సరిదిద్దబడింది. అప్పుడు ప్రపంచవ్యాప్తంగా పత్రికలు 40 వేల పరిశోధనలు చెల్లవన్నట్లు రాశాయి. ఆ సంఖ్య తమ వ్యాసంలో సరిగా లేదని రచయితలే దాన్ని సవరించారు, ఆ సవరణ మాత్రం ఎక్కడా పెద్ద అక్షరాలలో రాలేదు. ప్రోగ్రాము రాసినవారిని లెక్కలోకి తీసుకోని వార్త ఇలాగే మొదట వెర్రిగా నమ్మిస్తుంది, తరువాత వెర్రిగా భయపెడుతుంది.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2019లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి చెందిన జయంతి శివస్వామి గారి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ రేడియాలజిస్టు కేశవదాస్ గారు, ఇతరులతో కలిసి, 100 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకుల ఎం.ఆర్.ఐ. చిత్రాల నుంచి భారతీయుల మెదడు నమూనా పటాన్ని రూపొందించింది. అప్పటిదాకా ఎక్కువగా కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన పాశ్చాత్యుల నమూనాతోనే మనవారి మెదళ్లను పోల్చి చూడవలసి వచ్చేది. ఆ కృషికి మన పత్రికలలో చాలావరకు దక్కిన శీర్షిక ‘భారతీయుల మెదడు చిన్నది’ అన్నదే. కొలతలకూ తెలివికీ ముడిపెట్టడానికి ఆ పనిలో ఏ ఆధారమూ లేదు; పెరిగే వయసుతో మెదడు కుంచించుకుపోయే జబ్బులను తొలిదశలో గుర్తించడానికి తగిన కొలబద్దను తయారుచేయడం దాని ఉద్దేశం. ఆ 100 మంది ఎందుకు వచ్చారో, వారిని ఎవరు ఎంపిక చేశారో ఒక్కరు అడిగి ఉన్నా ఆ శీర్షిక వచ్చేది కాదని నా అభిప్రాయం.

మరో మాట కూడా చెప్పక తప్పదు. మన విశ్వవిద్యాలయాలలో ఇటువంటి పనులు చేసేవారు ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగులు. నిధుల గడువు తీరగానే టెక్నాలజిస్టూ ప్రోగ్రామరూ వెళ్లిపోతారు. ఏ స్కాను ఏ అమరికతో తీశారో, ఎవరి తల కదిలిందో, ఎవరి చిత్రాన్ని ఎందుకు పక్కన పెట్టారో తెలిసినవారు వారితోపాటే వెళ్లిపోతారు. కోట్ల రూపాయలు పోసి స్కానర్ కొనే సంస్థలు దాన్ని నడిపే ఇద్దరు ముగ్గురికి శాశ్వత ఉద్యోగాలు ఇవ్వడానికి వెనుకాడడం నాకు ఎన్నటికీ అర్థం కాదు.

కనుక మీ విలేఖరులకు నా విన్నపం ఇది. ఇకమీదట మెదడు స్కానింగు పరిశోధన గురించి రాసేటప్పుడు, ఎంతమందిని స్కాన్ చేశారు, వారిలో ఎంతమంది చిత్రాలను వదిలివేశారు, యంత్రాన్ని ఎవరు నడిపారు, లెక్క ఏ సాఫ్ట్‌వేర్‌తో ఎవరు కట్టారు అని ప్రయోగశాల వారిని అడిగి, జవాబులను వ్యాసంలో రెండు వాక్యాలలోనైనా చేర్చండి. స్వచ్ఛందంగా వచ్చినవారి పేర్లు మాత్రం అడగవద్దు. వాటిని గోప్యంగా ఉంచుతామని మేము వారికి మాట ఇచ్చాం.

భవదీయుడు,
ఒక ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టు,
హైదరాబాదు