ఎనిమిది కిలోమీటర్ల కన్నా ముందు ఒక్క కిలోమీటరు

సంపాదకులకు నమస్కారం.

తమిళనాడు ప్రభుత్వం 2023 నవంబరులో 'నడప్పోమ్ నలం పెరువోమ్' అనే పథకం మొదలుపెట్టింది. నడుద్దాం, ఆరోగ్యం పొందుదాం అని దాని అర్థం. జిల్లాకొకటి చొప్పున 8 కిలోమీటర్ల నడక బాటలు ఏర్పాటు చేశారు. చెన్నైలో ఆ బాట బీసెంట్ నగర్‌లో ఉంది. నేనూ వెళ్లి నడిచాను, సంతోషించాను. అయితే అక్కడ కనిపించినవారంతా ఎప్పటినుంచో నడక అలవాటున్నవారే. ఇంకా ఇంటి గడప దాటనివారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా వయసు 58. టి.నగర్‌లో ఉంటాను. షుగరు వచ్చే సూచనలున్నాయని, రోజూ నడవాలని రెండేళ్ల కిందట డాక్టరు గట్టిగా చెప్పారు. మొదటి రోజు పది నిమిషాలకే పిక్కలు పట్టేశాయి. వెంకటనారాయణ రోడ్డులోని శ్రీవారి ఆలయం దాకా ఆగకుండా వెళ్లి రావడమే అప్పుడు నా లక్ష్యం. ఆ రోజు 8 కిలోమీటర్లని ఎవరైనా చెప్పి ఉంటే మర్నాడు చెప్పులు వేసుకునేదాన్ని కాదు. రోజుకు పది వేల అడుగులనే లెక్క కూడా నన్ను అలాగే భయపెట్టింది. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన, అడుగులు లెక్కపెట్టే పరికరం పేరుతో ఆ సంఖ్య ప్రచారంలోకి వచ్చిందని తరువాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతున్నది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకు పాతిక నిమిషాల చురుకైన నడకతో ఆ లెక్కలో అడుగుపెట్టవచ్చు.

మూడు నెలలు నడక తప్ప మరేమీ చేయలేదు. పది నిమిషాలు నలభై అయ్యాక దీపస్తంభాలు లెక్కపెట్టుకుంటూ రెండు స్తంభాల మధ్య మెల్లగా పరుగు, తరువాత ఐదు స్తంభాల దాకా నడక. పక్కన నడిచేవారితో మాట్లాడగలిగినంత నిదానంగా పరుగెత్తాలి, ఆయాసంతో మాట తెగితే వేగం ఎక్కువైనట్టే. జపాన్‌లోని ఫుకువోకా విశ్వవిద్యాలయ ఆచార్యులు హిరోఆకి తనాకా దీన్ని 'నికో నికో' వేగం అన్నారు. చిరునవ్వు చెదరని వేగమని భావం. మే నెలలో మన ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఇంకా తగ్గించాలి. ఇప్పుడు ఇరవై నిమిషాలు ఆగకుండా నిదానంగా పరుగెత్తగలను.

తొందరపడితే ఏమవుతుందో మా అపార్ట్‌మెంట్‌లోనే చూశాను. ఒక కుర్రవాడు జనవరి 1న కొత్త బూట్లు కొన్నాడు, మూడో వారానికి రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తాడు, ఫిబ్రవరిలో మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పితో మానేశాడు. అతడు బద్ధకస్తుడు కాడు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకూ, ఎముకలకూ నెలలు పడుతుంది. ఊపిరి బాగానే అందుతోందని దూరం పెంచేస్తే కాళ్లు దెబ్బతింటాయి. ఈ మాట అతడికి ఎవరూ చెప్పలేదు. బడిలోనూ, వార్డు ఆసుపత్రిలోనూ చెప్పాలి.

చెప్పినంత మాత్రాన సరిపోదు, నడవడానికి చోటుండాలి. నిదానపు పరుగుకు సమమైన నేల, తెగని లయ కావాలి. ఫుట్‌పాత్‌పై కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకులు లేకుండా ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే మార్గదర్శకాలిచ్చింది. నడకకూ సైకిలుకూ పెద్దపీట వేస్తామని చెన్నై కార్పొరేషన్ 2014లో ఒక విధానాన్నే ఆమోదించింది. మా టి.నగర్‌లోనే పాండీ బజారులో 2019లో వచ్చిన విశాలమైన కాలిబాట చూస్తే, తలచుకుంటే ఎంత చక్కగా చేయగలరో తెలుస్తుంది. మా వీధిలో మాత్రం ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్ దిగి ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మనిషి పట్టదు. తెల్లవారుజామున రోడ్డు మీదికి దిగి మోటారు సైకిళ్ల మధ్య నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను ఆ రోడ్డు మీదికి రమ్మని నేను పిలవలేను. పోనీ పార్కుకు వెళదామంటే మాకు దగ్గరి పార్కు గేటు తీసేసరికి ఎండెక్కుతుంది.

అందుకే నా విన్నపం: ప్రతి వార్డులోనూ ఒక్క కిలోమీటరు బాటను, ఎక్కడా తెగకుండా, దీపాలతో సిద్ధం చేయండి. 250 మీటర్లకొక గుర్తు, కూర్చోవడానికి ఒక బల్ల ఉంచండి. అలసినవారు ఎక్కడినుంచైనా వెనుదిరగగలగాలి. పార్కులు ఉదయం 5 గంటలకే తెరవండి.

మా ఇంటి నుంచి ఆలయం దాకా సుమారు 700 మీటర్లు. ఆ దారిలో మురుగుకాలువ మీద మూడు చోట్ల మూతలు లేవు, నాలుగు దీపాలు వెలగడం లేదు. అక్టోబరు వానలకు నీళ్లు నిలిస్తే ఆ గుంతలు కంటికి కనిపించవు. ఈలోగా ఆ మూడు మూతలైనా వేయించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టి.నగర్, చెన్నై