మునీ, ఆ ప్రియస్ బ్రేకుల సంగతి

తిరుపతి

రేయ్ మునీ,

నీ షెడ్డుకొచ్చిన 2012 టయోటా ప్రియస్ హైబ్రిడ్ కారుకు బ్రేక్ యాక్చువేటర్, అదే వాల్వులతో చక్రాలకు బ్రేకు ప్రెషర్ పంచే యూనిట్టు, మార్చాలన్నావు గదా. స్పానర్ పట్టేముందు ఇది పూర్తిగా చదువు. ఈ బండిలో పార్టు బిగించడం సగం పనే. కొత్త వాల్వుల లెక్క బండికి నేర్పించేదాకా దాని బ్రేకుల్ని నమ్మకూడదు.

ముందు ఆ పార్టే పోయిందో లేదో తేల్చుకో. బండి ఆన్ చేసి, పెడల్ ముట్టకుండా నిలబడి విను. బాగున్న బండిలో పంపు ఒకసారి గుర్రుమని ఆగిపోతుంది, పెడల్ కొన్నిసార్లు తొక్కితేగానీ మళ్ళీ లేవదు. కాలు పెట్టకుండానే మాటిమాటికీ గుర్రుమంటా ఉంటే, అక్యుములేటర్‌లో దాచిన ప్రెషర్ లోపలి వాల్వుల గుండా జారిపోతా ఉందని అర్థం. బయట ఒక్క చుక్క కనపడదు, అందుకే చాలామంది పైపులు వెతికి వెతికి అలిసిపోతారు. స్కానర్‌లో సి1391 అనే తప్పు కోడ్ ఈ లీకుకే వస్తుంది. సి1256 అంటే ప్రెషర్ తగ్గిందని, సి1252 అంటే పంపు మరీ ఎక్కువసేపు తిరిగిందని. ఇంకో మాట. డిక్కీలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ నీరసించినా బ్రేకు కోడ్లు వచ్చిపడతాయి. ఆ పంపు గుర్రుమనడం, ఈ కోడ్ రెండూ కలిస్తేనే పార్టు కొను.

విప్పే ముందు స్కానర్‌లో 'జీరో డౌన్' కొట్టి అక్యుములేటర్ ప్రెషర్ దించు. దించకుండా పైపు నట్టు వదులు చేశావా, ఫ్లూయిడ్ పిచికారీలా కంట్లో కొడుతుంది. దించినప్పుడు డబ్బాలో ఫ్లూయిడ్ పైకి లేస్తుంది, అక్యుములేటర్‌లోది వెనక్కి వచ్చిందన్నమాట. ప్రెషర్ ఎక్కి ఉండగా మ్యాక్స్ గీతదాకా పోసి, తర్వాత జీరో డౌన్ కొడితే పొంగి పొర్లుతుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్.

తర్వాత బండి ఆఫ్ చేసి తాళం దూరంగా పెట్టు, 12 వోల్టుల నెగటివ్ తీసెయ్. తలుపు తెరిచినా, పెడల్ తొక్కినా ఈ సిస్టమ్ నిద్రలేచి పంపు తిప్పేస్తుంది, అందుకే ఇంత జాగ్రత్త. మోటారుకు కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ పక్కనే పని కాబట్టి, పెద్ద బ్యాటరీ కరెంటు తెంచే సర్వీస్ ప్లగ్గు పీకి 10 నిమిషాలు ఆగు, హై వోల్టేజీ పోయే ఆరెంజ్ కేబుళ్ళు ముట్టొద్దు. వైపర్లు, వాటి కింది ప్లాస్టిక్ కవరు (కౌల్) తీసి, డ్యాష్ కింద పెడల్ పిన్ను, నట్లు విప్పడం నీకు కొత్త కాదు. పైపు నట్లకు మాత్రం చీలిక ఉన్న రింగు స్పానరే వాడు, మామూలు ఓపెన్ స్పానర్‌తో మూలలు అరిగిపోతాయి. పంపు కూడా పాతదే అయితే రెండూ కలిపి మార్చడం మేలు.

గాలి తీసేదానికి డాట్ 3 ఫ్లూయిడ్ రెండు లీటర్లు దగ్గర పెట్టుకో. స్కానర్‌లో మామూలు బ్లీడింగ్ కాదు, 'పార్టు మార్చాం' అన్నదే ఎంచుకో, అది అడిగిన వరుసలోనే పో. ముందు చక్రాలకు పెడల్ కొడతాం గానీ, వెనక చక్రాలకు పెడల్ తొక్కిపట్టుకుంటే పంపే ఫ్లూయిడ్ తోస్తుంది. పంపును అదేపనిగా తిప్పొద్దు, కాస్త ఆరనియ్. డబ్బా అడుక్కి పోనిచ్చావా, పంపులోకి గాలి దూరి మొదటికొస్తుంది.

ఇక అసలు పని, లీనియర్ వాల్వ్ ఆఫ్‌సెట్, అంటే కొత్త వాల్వుల లెక్క బండికి నేర్పడం. ఏ వాల్వు ఎంత కరెంటుకు తెరుచుకుంటుందో ఒక్కోదానికీ కాస్త తేడా ఉంటుంది. పాత లెక్క చెరిపి కొత్తది నేర్పకపోతే, ఇంకా నేర్చుకోలేదని చెప్పే సి1345 కోడ్ పోదు, పెడల్ ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా పట్టేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జర్ తగిలించు. బండి పి లో, పార్కింగ్ బ్రేక్ వేసి, పెడల్ ముట్టకుండా 1, 2 నిమిషాలు అలాగే వదిలెయ్. ఎవరూ తలుపు తీయకూడదు, బండి ఊగకూడదు. డ్యాష్‌లో బ్రేకు హెచ్చరిక లైటు ముందు నిదానంగా, సెకనుకోసారి ఆడుతుంది. అది ఒక్కసారిగా పావు సెకనుకోసారి టకటక ఆడితే నేర్చుకుందన్నమాట. తర్వాత సమానమైన నేల మీద యా రేట్ సెన్సర్ (బండి పక్కకు తిరగడాన్ని కొలిచేది) జీరో కూడా చేసి, కోడ్లు చెరుపు.

మొదటి టెస్టు చిత్తూరు బైపాస్‌లో ఖాళీ రోడ్డు మీద, తక్కువ స్పీడులోనే. కస్టమర్ నేరుగా తిరుమల పోతానంటే రెండు రోజులు ఆపు. ఘాట్ దిగేటప్పుడు పెద్ద బ్యాటరీ నిండిపోతే మోటారు బ్రేకింగ్ తగ్గి, బరువంతా నువ్వు బిగించిన దాని మీదే పడుతుంది. గేరు బి లో, అంటే ఇంజిన్ బ్రేకింగ్ ఎక్కువిచ్చే దాంట్లో, దిగమని అతనికి గట్టిగా చెప్పు.

నీ స్కానర్‌లో ఈ పనులకు ఆప్షన్లు లేకుంటే పార్టు విప్పకముందే ఫోన్ చెయ్, నాది బస్సులో వేసి పంపిస్తా.

నీ గోపి