శిలాజాలు దొరికే నేలకు చట్టం అండ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాంసాహార డైనోసార్ అనగానే మన పిల్లలకు అమెరికాలో తిరిగిన టైరనోసారస్ గుర్తుకొస్తుంది. సుమారు 6.7 కోట్ల సంవత్సరాల క్రితం మన దేశంలోనే జీవించిన రాజసారస్ నర్మదెన్సిస్ గురించి వారికి చెప్పేవారు తక్కువ. ఏడు నుంచి తొమ్మిది మీటర్ల పొడవు, బలిష్ఠమైన వెనుక కాళ్లు, నుదుటిమీద గుండ్రటి పొట్టి కొమ్ము గల ఈ జంతువు, ఆనాడు ఇక్కడే మేస్తూ తిరిగిన పొడవు మెడ శాకాహార డైనోసార్లను వేటాడి బతికి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. మడగాస్కర్‌లో దొరికిన మజుంగసారస్ దీనికి దగ్గరి బంధువు. ఆ రెండు నేలలూ ఒకప్పుడు కలిసే ఉండేవి.

ఇంత కథ తెలిసింది ఎముకల వల్లనే కాదు, అవి పడి ఉన్న తీరు వల్ల కూడా. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గరి రైయోలీ గ్రామంలో 1980ల తొలి సంవత్సరాల్లో ఎముకలు బయటపడినప్పుడు, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన సురేశ్ శ్రీవాస్తవ ఏ ఎముక ఎక్కడ ఉందో ఓపికగా మ్యాపు గీసి పెట్టారు. భారత, అమెరికా శాస్త్రవేత్తలు ఆ మ్యాపు సాయంతోనే కపాలం, నడుము, కాలు, తోక ఎముకలను ఒకే జంతువువిగా గుర్తించి, 2003లో దానికి రాజసారస్ అని పేరు పెట్టారు. జబల్‌పూర్‌లో అంతకు చాలా ముందు దొరికి, 1933లో ఇండోసారస్, ఇండోసూకస్ అని పేర్లు పొందిన మాంసాహార డైనోసార్లవి మాత్రం కలగాపులగంగా పడి ఉన్న విడి ఎముకలు కావడంతో, ఏ కాలు ఏ తలకు చెందినదో తేల్చడం కష్టమైంది.

వింత రాయి అనుకుని ఒక ఎముకనో గుడ్డునో ఎవరైనా ఇంటికి పట్టుకుపోతే, దాని చుట్టూ ఉన్న సాక్ష్యమంతా దానితోపాటే పోతుంది. ఈ బాధ మన గోదావరి లోయకూ ఉంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే పొడవు మెడ శాకాహార డైనోసార్ అస్థిపంజరం ఈ లోయలోని అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి ప్రాంతంలో దొరికిందే.

శిలాజాలు, అరుదైన రాళ్లు ఉండే భూవారసత్వ స్థలాల పరిరక్షణకు కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. ఆ బిల్లులో ఉన్నట్టు అధికారమంతా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఒక్కదాని చేతిలో పెడితే విశ్వవిద్యాలయాల పరిశోధన కుంటుపడుతుందన్న అభ్యంతరం నాకు న్యాయంగానే తోస్తోంది. దాన్ని సరిదిద్ది, శిలాజం కనబడితే కదపకుండా ఎవరికి కబురు పెట్టాలో పంచాయతీ స్థాయిలో తెలిసేలా ఏర్పాటు చేర్చి చట్టం తేవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మంచిర్యాల