మళ్లీ మాట్లాడిన కంప్యూటర్: ఇద్దరికి కృతజ్ఞతలు

మూడు రోజుల మౌనం తర్వాత నా కంప్యూటర్ నోరు విప్పింది. అందుకు కారణమైన ఇద్దరికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఒకరు బెంగళూరులో పనిచేసే యువ ఇంజనీరు, పేరు రాయవద్దన్నారు. రెండోవారు ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి.

నాకు చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని ఓర్కా అనే ప్రోగ్రాము చదివి వినిపిస్తేనే నా పని సాగుతుంది. మీ కంప్యూటర్లో ధ్వని పోతే పాటలు ఆగుతాయి, నాకైతే కంప్యూటరే పోతుంది. "సౌండ్ సెట్టింగ్స్‌లో చూడండి మాస్టారూ" అని చాలామంది మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. ఆ సెట్టింగ్స్ చదివి చెప్పవలసిన గొంతే కదా పోయింది!

నా కంప్యూటర్ను నడిపించేది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. దాని 22.04 వెర్షన్ నుంచి 24.04కు మారిన మర్నాడు ఉదయం ఆన్ చేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. 22.04లో ధ్వని వ్యవహారమంతా పల్స్‌ఆడియో అనే ప్రోగ్రాము చూసుకునేది. 22.10 నుంచి ఆ పెత్తనం పైప్‌వైర్ అనే మరో ప్రోగ్రాముకు వచ్చింది. ఆ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి తప్పు కొత్తగా వచ్చినదానిదేనని విచారణ లేకుండానే తీర్పు చెప్పేశాను. ఒక మరమ్మతు దుకాణంలో అడిగితే సౌండ్ కార్డు ఉన్న బోర్డు మార్చాలన్నారు.

ఆ రాత్రి ఇంజనీరు గారు ఫోన్లో, అమ్మాయి తెర ముందు, నేను మధ్యలో కూర్చున్నాం. సెట్టింగ్స్‌లో స్పీకర్ల పేరు ఉండవలసిన చోట 'డమ్మీ అవుట్‌పుట్' అని, అంటే ఉత్తుత్తి పేరు ఉందట. ధ్వని స్థాయిలు చూపే ఆల్సామిక్సర్ తెరిపించి, ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకోమన్నారు. "మాస్టర్ కింద రెండు ఎమ్‌లు ఉన్నాయా, రెండు సున్నాలా?" "సున్నాలు అంకుల్." మాస్టర్ అంటే మొత్తం ధ్వనికి మీట. దాని కింద ఎమ్‌లు ఉంటే నోరు కట్టేసినట్లు, సున్నాలంటే తెరిచే ఉన్నట్లు. సౌండ్ కార్డుల జాబితా చూపే 'ఏప్లే -ఎల్' ఆదేశం కొడితే కార్డు పేరూ కనిపించింది. బోర్డు బతికే ఉంది!

అప్పుడాయన అడిగిన ప్రశ్న నాకు మూడు రోజులుగా తట్టనిది. "అప్‌గ్రేడ్ పూర్తయ్యాక ఆ సాయంత్రం ధ్వని వచ్చిందా?" వచ్చింది. పడుకునేదాకా ఓర్కా చదువుతూనే ఉంది. "మరి పడుకునే ముందు కొత్తగా ఏమైనా పెట్టారా?"

కొత్త ఇంట్లో సామాను సర్దుకున్నంత ఉత్సాహంతో, హార్మోనియం సాధనకు దాచుకున్న మిడి ఫైళ్లు (స్వరాలు రాసి ఉండే సంగీతపు ఫైళ్లు) వినడానికి టిమిడిటీ అనే ప్రోగ్రాము పెట్టుకున్నాను. దానితోపాటు టిమిడిటీ-డీమన్ అనేది, అంటే తెర వెనక తనంతట తానే నడిచే తోడు ప్రోగ్రాము, కూడా దిగిందని నేను గమనించలేదు.

సౌండ్ కార్డును ఎవరు వాడుతున్నారో చెప్పే ఫ్యూజర్ ఆదేశాన్ని ఆయన అక్షరం అక్షరం చెబుతుంటే నేను కొట్టాను. పాస్‌వర్డ్ దగ్గర అమ్మాయి కంగారుపడింది, "నాన్నా, నువ్వు కొడుతున్నావు కానీ ఏమీ పడటం లేదు" అని. ఉబుంటు 24.04లో ఆదేశాలు కొట్టే టెర్మినల్లో పాస్‌వర్డ్ కొడుతుంటే మామూలుగా చుక్క కూడా కనబడదు. ఆ ఒక్క వరుస దగ్గర మా ఇద్దరి చూపూ సమానమే. ఎంటర్ కొట్టాక వచ్చినదాన్ని కూడబలుక్కుంటూ చదివింది: "టి, ఐ, ఎమ్, ఐ, డి..." ఫోన్లో ఆయన, ఇక్కడ నేను ఒకేసారి నవ్వాం.

జరిగింది ఇది: కార్డు నేరుగా ఒక్కరికే తలుపు తీస్తుంది. మామూలుగా పైప్‌వైర్ ఆ ఒక్కరి స్థానంలో కూర్చుని అందరి శబ్దాలనూ కలిపి పంపుతుంది. ఈ డీమన్ మాత్రం యంత్రం లేస్తూనే, నేను లాగిన్ కాకముందే లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. ఇంగ్లిషులో టిమిడిటీ అంటే బిడియమని అర్థం!

దాన్ని తీసేయడానికి 'సుడో ఆప్ట్ రిమూవ్ టిమిడిటీ-డీమన్' అని కొట్టి, కంప్యూటర్ను ఆపి మళ్లీ ఆన్ చేశాం. మిడి ఫైళ్లు వినిపించే అసలు ప్రోగ్రాము అలాగే ఉంది, పోయింది డీమన్ ఒక్కటే. ఓర్కాను లేపే ఆల్ట్, సూపర్ (విండోస్ గుర్తు ఉండే కీ), ఎస్ కలిపి నొక్కగానే "స్క్రీన్ రీడర్ ఆన్" అని వినబడింది.

ఇంజనీరు గారూ, రాత్రి పదకొండు దాటినా విసుక్కోకుండా, ఆదేశం కొట్టించిన ప్రతిసారీ అది ఎందుకో పిల్లకు అర్థమయ్యేలా చెప్పారు. మీకు నా నమస్కారాలు. పైప్‌వైర్‌కు కూడా ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. అమ్మాయికి ఏం కావాలని అడిగితే ఓర్కా వేగం తగ్గించమంది, నేను వినే వేగంలో దానికి ఒక్క ముక్కా అర్థం కావడం లేదట.