రోములో ఉన్న చిన్నికి

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి 19 రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు.

ఏమీ తోచక అటక మీంచి నా పాత నోట్సు దించాను. నిచ్చెన కాస్త జారింది, ఏం కాలేదులే, అమ్మతో అనకు. ముప్పయ్యేళ్ళు పిల్లల చేత జూపిటర్, జూనో, మినర్వా అని బట్టీ పట్టించాను గానీ, రోమన్ల చిల్లర దేవుళ్ళను పట్టించుకోలేదు. తలుపుకి ఫోర్కులస్, బందులకి కార్డియా, గడపకి లిమెంటినస్. ఇంటికి కాపలావాడు ఒక్కడు చాలు, దేవుళ్ళయితే ముగ్గురు కావలసి వచ్చారా అని క్రైస్తవ గురువు సెయింట్ అగస్టిన్ ఎగతాళి చేశాడు. నాకైతే ముగ్గురూ ఉంటేనే నయమనిపిస్తోంది. రాత్రిళ్ళు గొళ్ళెం పెట్టుకుంటున్నావా? కొత్త గదికి మారావని సుగుణత్త చెబితే తెలిసింది. ఇంకా ఏదో చెప్పిందిలే, అది తర్వాత.

పాత రోమన్ ఊరు పాంపేయి వెళ్తే ఇళ్ళ గోడల్లో గూళ్ళు చూడు. లారెస్ అనే ఇంటి దేవతలవి. కొన్నింట్లో కింద పాము బొమ్మ కూడా ఉంటుంది. వాళ్ళ వంతు పెట్టకుండా ఇంట్లో పండగ భోజనం ఉండేది కాదు. నువ్వు వేళకి తింటున్నావా?

పాలటైన్ కొండ మీద సిబెలీ అమ్మవారి గుడి పునాదులున్నాయి, తప్పకుండా చూడు. క్రీ.పూ. 204లో రోము మీద యుద్ధానికొచ్చిన కార్తేజ్ సేనాని హానిబాల్ ఇంకా ఇటలీలోనే తిష్ఠ వేసి ఉన్నాడు. రోమన్ల జోస్యాల పుస్తకాలు, సిబిల్ గ్రంథాలు, తిరగేస్తే, బయటినుంచి అమ్మవారిని తెచ్చుకోండని వచ్చింది. ఇప్పటి టర్కీ వైపు నుంచి నల్లరాయి రూపంలో తెచ్చారు. తీరా ఓడ టైబర్ నదిలో ఒండ్రులో దిగబడింది. మగాళ్ళంతా మోకు పట్టి లాగినా కదలదు. అక్కడ క్లాడియా క్వింటా అని పెద్దింటి ఆడపడుచు ఉంది. సింగారించుకుంటుందనీ, తల రకరకాలుగా దువ్వుతుందనీ, ముసలాళ్ళకి ఎదురు చెబుతుందనీ ఆమె మీద ఊరంతా నిందలు. కవి ఓవిడ్ చెప్పిన కథ ఇది. ఆవిడ గుంపులోంచి వచ్చి, దోసిలితో నీళ్ళు మూడుసార్లు నెత్తిన పోసుకుని, మోకరిల్లి, జుట్టు విరబోసుకుని, నాలో తప్పు లేకపోతే నా వెంట రా తల్లీ అని మోకు అందుకుంది. గట్టిగా లాగనైనా లేదు, ఓడ కదిలింది! క్రీ.పూ. 191లో గుడి పూర్తయింది. అందులో క్లాడియా విగ్రహమూ ఉండేది. గుడి రెండుసార్లు కాలినా విగ్రహం చెక్కుచెదరలేదని చెప్పుకునేవారు.

క్లాసులో ఎప్పుడు చెప్పినా దేవత మహిమ దగ్గర ఆపేసేవాణ్ణి. ఇప్పుడు చదువుతుంటే ఆ ముసలాళ్ళ మీద ఒళ్ళు మండింది. ఆవిడ జడ సంగతి వాళ్ళకెందుకు?

సుగుణత్త మాట నేను నమ్మలేదు. మీ గదుల్లో ఎవరో అబ్బాయి కూడా ఉంటున్నాడట, వంట అతనే చేస్తాడట. ఉంటే ఉండనీ. కానీ పరాయి దేశం, ఎవరు ఎలాంటివాళ్ళో చూసుకోవాలి, చదువు మీద ధ్యాస... చూశావా, క్లాసు పీకనని అమ్మకి మాటిచ్చి మరీ కూర్చున్నాను. నువ్వేం ఓడలు లాగక్కర్లేదు. ఆదివారం ఫోను చెయ్యి. అమ్మ పక్కన లేనప్పుడైనా సరే.

బుజ్జి బావ వచ్చే నెల అటు వస్తున్నాడు. ఆవకాయ రెండు సీసాలు ఇచ్చాను, మూతలకి టేపు నేనే చుట్టాను, కత్తెరతో కొయ్యి, పళ్ళతో లాగకు. రెండో సీసాలో కారం తగ్గించి కలపమన్నాను. ఎందుకని మీ అమ్మ అడగలేదు.

నాన్న