బెంచీ మీది పెద్దాయనకు

పోయిన శనివారం ఉదయం నన్ను కాపాడిన నలుగురికి ఈ నాలుగు మాటలు. వాళ్ళలో ముగ్గురికి తెలుగు రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. రోజూ ఫోను చేసి ఏమైందని అడుగుతున్న మా వాళ్ళందరికీ ఒక్కసారే చెప్పినట్టవుతుంది.

నేను టెక్సాస్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నాను. మా విమానాశ్రయానికి కంట్రోల్ టవర్ లేదు. అమెరికాలో చిన్న విమానాశ్రయాలు చాలావరకు ఇంతే. ఎవరు ఎక్కడున్నారో పైలట్లే రేడియోలో చెప్పుకోవాలి, కళ్ళతో చూసుకోవాలి. ఉన్న ఒక్క రన్‌వేకు ఈ కొసన 17, ఆ కొసన 35 అని అంకెలు. గాలికి ఎదురు వెళ్ళేలా కొసను ఎంచుకోవడం పద్ధతి. ఆ ఉదయం గాలే లేదు. గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి తడిగుడ్డలా వేలాడుతోంది. అలాంటప్పుడు ఏ కొస ఎంచుకున్నా తప్పనలేం.

ఒంటరిగా ఎగరడం నాకది మూడోసారి. 17 నుంచి బయలుదేరుతున్నానని రేడియోలో చెప్పి ఇంజను జోరు పెంచే థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోశాను. మా రన్‌వే నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇటు నిలబడితే అటు కొస కనిపించదు. నా చిన్న విమానం సెస్నా 172 ముక్కు ఎత్తేది 55 నాట్ల వేగం దగ్గర, అంటే గంటకు దాదాపు వంద కిలోమీటర్లు. సూది 40 దాటింది. అప్పుడు హెడ్‌సెట్‌లో ఏ తొందరా లేని గొంతు: “పదిహేడు మీద సెస్నా, ఆపు. ఎదురుగా విమానం. ఆపు.”

ఎవరు, ఎందుకు అని ఆలోచించలేదు. థ్రాటిల్ వెనక్కి లాగి బ్రేకులు తొక్కేశాను. టైర్లు కీచుమన్నాయి. ఉబ్బు అవతలి నుంచి తెల్లటి విమానం లేచింది. నా కుడి పక్కగా, పొట్ట కింది నూనె చార కనిపించేంత దగ్గరగా పైకి వెళ్ళిపోయింది. తర్వాత లెక్క వేశాను, వేయకుండా ఉండాల్సింది. ఇద్దరి వేగమూ కలిస్తే మా మధ్య దూరం సెకనుకు 50 మీటర్లకు పైగా తరిగిపోతోంది.

ఆ గొంతు హ్యాంగర్ (విమానాలు నిలిపే షెడ్డు) ముందు బెంచీ మీద కూర్చునే పెద్దాయనది. ఒకప్పుడు పొలాలకు మందు చల్లే విమానం నడిపారట. ఇప్పుడు పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ, చేతిలో చిన్న రేడియో. ఆయనకు అక్కడ జీతం లేదు, బాధ్యతా లేదు. మా ఫ్రీక్వెన్సీనే చుట్టుపక్కల మరికొన్ని విమానాశ్రయాలూ వాడతాయి. ఆయన బటన్ నొక్కబోయే సమయానికి ఇంకెక్కడి పైలటో మాట్లాడుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వినేవాళ్ళకు మిగిలేది ఈల మోతే. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయిన ప్రమాదంలో, ఒక విమానం ఇంకా రన్‌వే మీదే ఉందన్న మాట అలాంటి మోతలోనే మునిగిపోయింది. పాఠంలో చదివి పరీక్ష రాసి మరిచిపోయాను. పెద్దాయన మరవలేదు. అవతలి మాట ఆగేదాకా పళ్ళు బిగబట్టి, ఆ సందులో అన్నారు.

రెండో కృతజ్ఞత ఎదురుగా వచ్చిన పైలట్‌కే. ఇది చదివి మా అన్నయ్యకు కోపం వస్తుంది, రానివ్వండి. ఆయన అప్పుడు 35 వైపు నుంచి దిగబోతున్నారు, నన్ను చూసి మళ్ళీ పైకి లేచారు. దిగుతున్న విమానానికే ముందు దారి ఇవ్వాలని నిబంధన. ఆయన ఆ మాట ఎత్తనే లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి తన రేడియో చూపించారు. ఫ్రీక్వెన్సీ 122.8 ఉండాల్సిన చోట 122.7 ఉంది. చెప్పాల్సినవన్నీ పద్ధతిగా చెప్పారు, ఎవరూ వినని చోట. 1976 నుంచి నాసా నడుపుతున్న నివేదికల వ్యవస్థ ఒకటుంది. పేర్లు తీసేసి, జరిగింది మాత్రం అందరికీ పాఠంగా ఉంచుతారు. పది రోజుల్లోగా పంపాలని గుర్తుచేసిందీ ఆయనే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రాశాం.

ఆయనకు నేను కనిపించింది నా ల్యాండింగ్ లైటు వల్ల. పట్టపగలు లైటెందుకని నేను సణిగినప్పుడల్లా వేయించిన మా శిక్షకురాలికి మూడో నమస్కారం. ఆ మధ్యాహ్నమే వేరే విమానంలో పక్కన కూర్చుని నన్ను మళ్ళీ పైకి తీసుకెళ్ళారు. నా విమానం టైరు ఒకచోట చదునుగా అరిగిపోయింది మరి.

నేను అద్దెకుండే ఇంటి పిన్నిగారు రాత్రి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చారన్నం కలిపి పెట్టారు. నా చేతులు వణుకుతుంటే చెంచా ఇచ్చారు. అంతే, అదే కావలసింది.

నాన్న ఆర్టీసీలో డ్రైవరు. అంతా విని చాలాసేపు పలకలేదు. తర్వాత అడిగిన మొదటి మాట: “బ్రేకులు రెండు వైపులా సమంగా పట్టాయా?” రెండోది: “ఆ పెద్దాయనకు ఏమిచ్చావు?”

ఆదివారం పిన్నిగారు చేసిన సున్నుండలు పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్ళాను. ఒకటి తిన్నారు, ఇంకొకటి జేబులో వేసుకున్నారు. నా కృతజ్ఞతలు పూర్తిగా విననే లేదు. “నువ్వు రేడియోలో మరీ వేగంగా మాట్లాడతావు, నిన్న రన్‌వే అంకె నాకు సగమే వినిపించింది” అన్నారు. అక్కడే కూర్చోబెట్టి, తన చేతి రేడియో ఆపేసి, నా నోటితో మూడుసార్లు చెప్పించారు.