న్యాయ అవగాహన విభాగం వార్షిక నివేదిక, 2025: స్వలింగ వివాహం, సుప్రీంకోర్టు, మన కాగితాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మా విభాగానికి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకటే. 2015 జూన్ 26న ఒబర్‌గెఫెల్ తీర్పుతో అమెరికా అంతటా వచ్చిన స్వలింగ వివాహ హక్కు ఉంటుందా, పోతుందా? ఆ తీర్పును కొట్టేయమని కూడా కోరిన మాజీ కౌంటీ క్లర్కు కిమ్ డేవిస్ పిటిషన్‌ను నవంబరు 10న అమెరికా సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. హక్కు ఎక్కడిదక్కడే ఉంది. ఆ వెంటనే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొందరు "కోర్టు మళ్లీ సమర్థించింది" అన్నారు, ఇంకొందరు "సంప్రదాయవాదుల పని అయిపోయింది" అన్నారు. రెండూ పొరపాటే. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ చోటు దీనికే ఇచ్చాం.

ముందు కేసు సంగతి. కెంటకీలో రోవన్ కౌంటీ క్లర్కుగా ఉన్న డేవిస్ 2015లో తన మత విశ్వాసం ఒప్పుకోదంటూ పెళ్లి లైసెన్సులు ఇవ్వడం ఆపేశారు. కోర్టు ధిక్కారం కింద కొన్ని రోజులు జైల్లో ఉన్నారు. లైసెన్సు అందని ఒక జంటకు తలా 50,000 డాలర్ల పరిహారం చెల్లించాలని 2023లో జ్యూరీ తేల్చింది. లాయర్ల ఫీజు కింద మరో 2,60,000 డాలర్ల దాకా ఆమె మీద పడింది. ప్రభుత్వాధికారంతో చేసిన పనికి సొంత మత స్వేచ్ఛ రక్షణ కాదంటూ 2025 మార్చిలో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ పరిహారాన్ని ఖాయం చేసింది. సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్‌లో ప్రధాన వివాదం ఈ డబ్బే. ఒబర్‌గెఫెల్‌ను కొట్టేయమన్న కోరికను దానికి తోడు చేశారు.

తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో నలుగురు సరేనంటేనే కేసు విచారణకు వస్తుంది. ఇక్కడ అది జరగలేదు. కోర్టు కారణం చెప్పలేదు, అసమ్మతి కూడా ఎవరూ నమోదు చేయలేదు. 2020లో డేవిస్ వేసిన పాత పిటిషన్‌ను తోసిపుచ్చినప్పుడు న్యాయమూర్తులు థామస్, అలీటో ఒబర్‌గెఫెల్‌ను విమర్శిస్తూ విడిగా రాశారు. ఈసారి వాళ్లూ రాయలేదు. పిటిషన్‌ను తిరస్కరించడం అంటే పాత తీర్పు మీద కోర్టు అభిప్రాయం చెప్పినట్టు కాదు. రేపు మరో కేసు రావడానికి ఇది అడ్డం కాదు.

ఇక సంప్రదాయవాదుల స్పందన. వాళ్లంతా ఒకే మాట మీద లేరు. ఈ తేడాలు తెలియకపోతే అనవసరంగా భయపడతాం, లేదా అవసరమైన చోట ఏమరుపాటుగా ఉంటాం. డేవిస్ తరఫున వాదించిన లిబర్టీ కౌన్సెల్ అనే న్యాయ సంస్థ, ఒబర్‌గెఫెల్‌ను కొట్టేయించే ప్రయత్నం ఆపబోమని చెప్పింది. జూన్‌లో డాలస్‌లో జరిగిన సదరన్ బాప్టిస్టులనే క్రైస్తవ శాఖ వార్షిక సమావేశం కూడా ఆ తీర్పు పోవాలని తీర్మానించింది. ఆ తీర్పును కొట్టేయమని సుప్రీంకోర్టును కోరుతూ జనవరిలో ఐడాహో ప్రతినిధుల సభ 46-24తో తీర్మానం చేసింది. కానీ అలీటో అక్టోబరులో ఒక సదస్సులో, తీర్పును విమర్శిస్తూనే, దాన్ని కొట్టేయాలని తాను సూచించడం లేదన్నారు. 2022లో, స్వలింగ వివాహాలను గుర్తించాలనే వివాహ గౌరవ చట్టానికి దిగువసభలో 39 మంది, సెనేట్‌లో 12 మంది రిపబ్లికన్లు ఓటేశారు. అలాగని పార్టీ మొత్తం అటు జరుగుతోందనుకోవద్దు. గాలప్ సర్వేలో రిపబ్లికన్ల మద్దతు 2022లో 55 శాతం ఉండగా 2025కి 41కి పడిపోయింది.

డాలస్ తీర్మానం గురించి మన తెలుగు చర్చిలకు వెళ్లే సభ్యులు చాలా ఆందోళనగా అడిగారు. బాప్టిస్టు పద్ధతిలో స్థానిక సంఘం స్వతంత్రం. పై సమావేశం చేసే తీర్మానం ఏ చర్చినీ చట్టంలా కట్టిపడేయదు. పైగా నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ వల్ల ఏర్పడినవి. సదరన్ బాప్టిస్టులది వేరే శాఖ.

మన టెక్సాస్‌లో నిజంగా మారింది వేరొకటి. అక్టోబరు 24న టెక్సాస్ సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ప్రవర్తనా నియమావళికి ఒక వివరణ చేర్చింది. దాని ప్రకారం, మత విశ్వాసం వల్ల పెళ్లి జరిపించనని ఒక జడ్జి చెబితే అది నియమోల్లంఘన కాదు. జడ్జి కాదనవచ్చు కానీ కౌంటీ క్లర్కు కార్యాలయం లైసెన్సు కాదనకూడదు. మాకు వచ్చిన గందరగోళంలో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే. లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లో పెళ్లి అయిపోవాలి. జడ్జి కాదంటే మరో జడ్జినో, ఒప్పుకునే పురోహితుడినో, పాస్టర్‌నో ముందే మాట్లాడుకోండి. గడువు దాటితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు.

మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, లైసెన్సులో మరో చోట, లేదా వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ఉంటే తర్వాత గ్రీన్‌కార్డు దరఖాస్తులో ప్రశ్నలు వస్తాయి. లైసెన్సులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి.

పిల్లలున్న జంటలకు మేం గట్టిగా చెబుతున్నది, కన్న తల్లి లేదా తండ్రి కాని భాగస్వామి పేరిట కోర్టు నుంచి దత్తత ఉత్తర్వు తీసుకోమని. జనన ధ్రువపత్రంలో ఇద్దరి పేర్లు ఉండటం మంచిదే, కానీ అది కోర్టు తీర్పు కాదు. దత్తత ఉత్తర్వును మరో రాష్ట్రం కూడా గౌరవించి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. వివాహ చట్టం రేపు ఎటు మారినా ఆ ఉత్తర్వు చెక్కుచెదరదు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. వైద్య నిర్ణయాల పవర్ ఆఫ్ అటార్నీని నోటరీ ముందు గానీ, అర్హులైన ఇద్దరు సాక్షుల ముందు గానీ సంతకం చేయాలి. ఒబర్‌గెఫెల్ పోతే టెక్సాస్ రాజ్యాంగంలో 2005 నుంచి ఉన్న స్వలింగ వివాహ నిషేధం మళ్లీ అమల్లోకి వస్తుంది. వివాహ గౌరవ చట్టం వల్ల వేరే రాష్ట్రంలో చట్టబద్ధంగా అయిన పెళ్లిని గుర్తించాలి, కానీ కొత్త లైసెన్సు ఇవ్వాలన్న బలవంతం ఆ చట్టంలో లేదు. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

ఆంధ్రా, తెలంగాణల్లో ఆస్తి ఉన్నవాళ్లకు మరో మాట. 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టు స్వలింగ వివాహ హక్కు ఇవ్వలేదు, 2025 జనవరిలో పునఃపరిశీలన పిటిషన్లనూ కొట్టేసింది. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి ఆంక్షలేవీ లేవని 2024 ఆగస్టులో భారత ప్రభుత్వం స్పష్టం చేసింది. కానీ నామినీ డబ్బు అందుకుంటారే తప్ప వారసులు కారు. అక్కడి ఆస్తికి అక్కడి లాయర్‌తో విడిగా వీలునామా రాయించాల్సిందే.

ఈ విషయంలో సభ్యుల నమ్మకాలు వేర్వేరుగా ఉన్నాయి. పెళ్లి జరిపించలేనన్న పురోహితుడిని గానీ, పాస్టర్‌ని గానీ ఎవరూ ఒత్తిడి చేయకూడదన్నది మా మాట. కాగితాల విషయంలో సాయం అడిగిన జంటను ఎవరూ వెనక్కి పంపకూడదన్నదీ మా మాటే.

టెక్సాస్ శాసనసభ తదుపరి సాధారణ సమావేశాలు 2027 జనవరిలో మొదలవుతాయి, బిల్లులు 2026 నవంబరు నుంచే నమోదవుతాయి. వివాహం మీద వచ్చే ప్రతి బిల్లు సారాంశాన్ని తెలుగులో సభ్యులకు పంపుతాం.